అటక మీది మమకారం

నెలగంట పెట్టింది మొదలు ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం తెలుగు ఇళ్లలో అటకలు దులిపే పని సాగుతుంది; దానితోపాటే, ఏది ఉంచాలి, ఏది వదిలించుకోవాలి అన్న వాదనా మొదలవుతుంది. పెద్దవాళ్ల మమకారమే ఇంటినిండా చెత్తకు కారణమని పిల్లలు విసుక్కోవడంలో సగమే న్యాయముందని మాకు తోస్తోంది.

తనదైన వస్తువుకు మనిషి ఎక్కువ విలువ కడతాడన్నది నిజమే. కానమన్, నెచ్, థేలర్ అనే పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో, కాఫీ కప్పు చేతికందిన విద్యార్థులు దాన్ని అమ్మడానికి అడిగిన ధర, కప్పు లేనివారు ఇస్తామన్న ధరకు సుమారు రెట్టింపు ఉంది. అయితే ఈ బలహీనతే వస్తువుకు ఆయుష్షు కూడా పోస్తుంది. 2012లో భౌగోళిక గుర్తింపు పొందిన బరంపురం పట్టుచీర మడతల్లో పిగిలాక, దాని అంచులు మనవరాలి పరికిణీకి ఎక్కుతాయి. ఇత్తడి గుండిగ కళాయి వేయించుకుని మళ్లీ పొయ్యెక్కుతుంది. ఏడాది తిరక్కుండా వెలిసిపోయే చవక చుడీదారుకు ఆ యోగం పట్టదు, దాని మీద ఎవరికీ మమకారం ఉండదు కనుక.

మా అభ్యంతరమల్లా మూతపెట్టి దాచే మమకారంతోనే. తాతగారి ట్రంకుపెట్టెలోని తెలుగు పుస్తకాలను ఒడియా, ఇంగ్లీషు చదువుల మనవలు చదవలేరు, ఇంకొకరికి ఇవ్వడానికి ఇంట్లోవారికి మనసొప్పదు. చివరకు చెదలు తినగా మిగిలినవి కిలోల లెక్కన పాత కాగితాల కొట్టుకు చేరతాయి. పదేళ్ల ముందే ఇచ్చి ఉంటే ఇక్కడో ఇచ్ఛాపురంలోనో చదివేవారు దొరికేవారు. తాతగారి సంతకమున్నది ఒకటి ఉంచుకుంటే ఎవరు కాదంటారు?

సొరుగులోని పాత ఫోను సంగతీ అంతే: బ్యాటరీ ఉబ్బి, కొత్త సాఫ్ట్‌వేర్ అందక, ఏటికేడు ఇతరులకు పనికిరాకుండా పోతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి గానీ, సొరుగు దాటి రాని ఫోనును అవి చేరుకోలేవు.

భోగి మంటలో ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు వేయడాన్ని పురపాలక సంఘాలు ఈసారైనా గట్టిగా ఆపాలి. అంతకన్నా ముఖ్యంగా, పండక్కి ముందు వారంపాటు పనికొచ్చే వస్తువులను చెత్తబండిలో కలపకుండా వార్డుల వారీగా విడిగా సేకరించి, దర్జీలకు, ఫోన్ల మరమ్మతుదారులకు నేరుగా అందించాలి. పుస్తకాల బాధ్యతను స్థానిక తెలుగు సంఘాలు తీసుకుంటే, ఈ సంక్రాంతికే పని మొదలుపెట్టవచ్చు.