దోహాలో పడిన గండి

2025 సెప్టెంబర్ 9, మంగళవారం ఖతార్ రాజధాని దోహా మీద ఇజ్రాయెల్ బాంబులు పడ్డాయి. అక్కడి ఇళ్లల్లో పనిచేసే తల్లులు, డ్రైవర్లుగా ఉన్న కొడుకులు క్షేమమేనా అని రాజోలు, అమలాపురం, నరసాపురం వైపు ఎన్నో ఇళ్లలో ఒకటే టెన్షన్.

2023 అక్టోబర్ 7న తమ దేశంలో జరిగిన మారణకాండకు బాధ్యులైన పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ నాయకులను ఎక్కడున్నా వదలబోమని ఇజ్రాయెల్ అంటోంది. ఆ మారణకాండ ఘోరమే, కాదనం. కానీ గాజాలో కాల్పుల విరమణకు రాయబారం నడుపుతున్న ఖతార్ ఇంటి మీదే బాంబులు వేస్తారా? ఖతార్ భద్రతా సిబ్బందిలో ఒకరు చనిపోయారు.

గట్టుకు చిన్న గండే కదా అని వదిలేస్తే ఏమవుతుందో 1986 గోదావరి వరద చూసిన మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఖతార్‌కు మొదటి గండి 2025 జూన్‌లోనే పడింది. 22న ఇరాన్ అణుకేంద్రాలపై అమెరికా బాంబులు వేసింది. మర్నాడే ఇరాన్ క్షిపణులు ఖతార్‌లోని అమెరికా స్థావరం అల్ ఉదైద్ మీదికి వచ్చాయి. తగవు వాళ్లిద్దరిది, గురి అయింది మూడో దేశపు నేల. ఇప్పుడు అమెరికా మిత్రుడే అదే దేశాన్ని కొట్టాడు. మూడు నెలల్లో రెండుసార్లు, రెండు వైపుల నుంచీ! స్థావరానికి చోటిచ్చి, అమెరికా అధ్యక్షుడికి విమానం కూడా ఇచ్చిన దేశానికే దిక్కు లేదు. ఆ అధ్యక్షుడు అప్పుడు అసంతృప్తి చెప్పి ఊరుకున్నారు. సౌదీ, ఇరాన్‌లను 2023లో రాజీ చేసి పేరు తెచ్చుకున్న చైనా ఒక ఖండనతో సరిపెట్టింది.

ఈ గండి పూడ్చకపోతే రేపు మస్కట్ వంతు. అమెరికా, ఇరాన్‌ల మధ్య మాటలు నడిపింది ఒమనే కదా. ఎల్లుండి కువైట్, బహ్రెయిన్. అక్కడా అమెరికా స్థావరాలే. మన ఆడపడుచులు అప్పు చేసి, ఏజెంటుకు డబ్బు కట్టి వెళ్లేది ఈ దేశాలకే.

ప్రధాని మోదీ బుధవారం ఖతార్ అమీర్‌కు ఫోన్ చేసి దాడిని ఖండించారు. మంచిదే. కానీ ఇరాన్‌పై ఇజ్రాయెల్ దాడులను మనమూ సభ్యులమైన షాంఘై సహకార సంస్థ ఖండించినప్పుడు, జూన్‌లో ఆ ప్రకటన నుంచి తప్పుకున్నదీ మన ప్రభుత్వమే. జూన్‌లో ఖండించడానికి వెనకాడిన గొంతుకు ఈ గండి దగ్గర బలం ఎక్కడిది?

1990లో కువైట్ నుంచి దాదాపు లక్షా డెబ్బై వేల మందిని విమానాల్లో తెచ్చుకున్నాం. మళ్లీ ఆ అవసరమే వస్తే, విజిట్ వీసా మీద వెళ్లి ఏ జాబితాకూ ఎక్కని మనిషిని ఏ ఇంట్లో వెతుకుతారు? పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటే ఆమె ఎయిర్‌పోర్టు దాకా ఎలా వస్తుంది? ఈ వారమే మండలాలవారీగా గల్ఫ్ వెళ్లినవాళ్ల పేర్లు రాయించండి. ఓట్ల కోసం గడప గడపా తిరిగిన నాయకులు, ఇది కష్టమని మాత్రం చెప్పకండి.