గీత పక్కన కూర్చున్న సున్నా గారికి

మహారాజశ్రీ సున్నా గారికి,

ఫిలడెల్ఫియా నుంచి ఓ బాక్సింగ్ పిచ్చోడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ కుశలానికి లోటేమీ లేదు. అమెరికాలో గ్లవ్స్ తొడిగిన ప్రతి కుర్రాడూ మిమ్మల్ని చంటిపిల్లలా చంకనేసుకుని, దిష్టి తగలకుండా దాచుకుని తిరుగుతున్నాడు. కుశలం లేనిది బాక్సింగుకే.

మీరెవరో చదివేవాళ్ళకి చెప్పాలి. బాక్సర్ పేరు పక్కన 24–0 అని వేస్తారు కదా, ఆ గీత తర్వాత బొద్దుగా కూర్చునేది మీరు. ఇరవై నాలుగు గెలిచాడు, ఓటమన్నది లేదు అని అర్థం. ఆ ఇరవై నాలుగూ ఎవరి మీద గెలిచాడని అడిగేవాడు లేడు. పోస్టరు మీద మీరుంటే చాలు, శుభలేఖ మీద వినాయకుడున్నట్టు.

మీరు మా దేశంవారే కాబట్టి కాస్త చనువు తీసుకుంటున్నా. మీతో ఎలా మసలుకోవాలో 628లోనే బ్రహ్మగుప్తుడు రాసిపెట్టాడు. ఏ అంకెకు మిమ్మల్ని కలిపినా అది మారదు, మీతో హెచ్చవేస్తే మాత్రం ఏమీ మిగలదు. అమెరికావాళ్ళు కలుపుకుంటున్నామనే అనుకున్నారు పాపం.

ఒకప్పుడు మీకింత వైభోగం లేదు. షుగర్ రే రాబిన్సన్ మొదటి నలభై బౌట్లూ గెలిచి, 1943 ఫిబ్రవరి 5న డెట్రాయిట్‌లో జేక్ లమోటా చేతిలో ఓడాడు. ఆ రాత్రే మీరు ఆయన పక్కనుంచి లేచిపోయారు. ఆయన మంచం పట్టాడా? అదే నెల 26న, అదే ఊళ్ళో, అదే లమోటాని మళ్ళీ పట్టుకుని గెలిచాడు. మధ్యలో ఖాళీగా ఎందుకని ఇంకో బౌటు కూడా కానిచ్చాడు. ఇరవై ఒక్క రోజులు! ఇవాళ పేరున్న ఇద్దరు బాక్సర్ల మేనేజర్లు ఫోన్లో మాట్లాడుకోవడానికి ముహూర్తం కుదరాలన్నా అంతకంటే ఎక్కువ పడుతుంది. అదే ఏడాది మార్చిలో విల్లీ పెప్ అరవై రెండు గెలుపుల తర్వాత తొలిసారి ఓడాడు. మళ్ళీ 1948 అక్టోబరు దాకా అతన్ని ఓడించినవాడు లేడు. ఇక మా ఫిలడెల్ఫియా బెర్నార్డ్ హాప్కిన్స్ అయితే 1988లో ప్రొఫెషనల్‌గా మొదటి బౌటే ఓడాడు. అంటే మీరు ఆయన గడపే తొక్కలేదు. ఆ మనిషే తర్వాత మిడిల్‌వెయిట్ టైటిల్‌ని ఇరవైసార్లు నిలబెట్టుకున్నాడు. పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారని మా అమ్మమ్మ అంటూండేది. ఆవిడకి బాక్సింగంటే ఏమిటో తెలీదు గానీ, హాప్కిన్స్‌ని చూసే అన్నట్టుండేది.

మరి మీ దశ ఎప్పుడు తిరిగింది? నా లెక్కలో, టీవీ తలుపులు మూసుకున్నప్పుడు. 1960 దాకా ఎన్‌బీసీలో శుక్రవారం శుక్రవారం బాక్సింగ్ వచ్చేది, పైసా ఖర్చు లేకుండా. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో రే లెనర్డ్, స్పింక్స్ అన్నదమ్ములతో కలిపి ఐదుగురు బంగారు పతకాలు కొడితే, దేశమంతా ఇళ్ళలో కూర్చుని చూసింది. వాళ్ళ మొహాలు, నడకలు జనానికి తెలుసు. తెలిసినవాడు ఓడితే అయ్యో అంటారు, మళ్ళీ వాడి బౌటుకే వస్తారు. తర్వాత్తర్వాత బాక్సింగ్ కేబుల్‌కి, అక్కణ్ణుంచి రాత్రికింత అని కట్టి చూసే పే-పర్-వ్యూకి ఎక్కి కూర్చుంది. హెచ్‌బీఓ ఛానెల్ 2018లో, షోటైమ్ ఛానెల్ 2023లో ఆ దుకాణం కూడా కట్టేశాయి. ఎప్పుడూ మొహం చూడని కుర్రాణ్ణి జనానికి అంటగట్టాలంటే ఒక్క ముక్కలో ఏం చెప్పాలి? అప్పుడు ప్రమోటర్లకి మీరు గుర్తొచ్చారు.

ఫ్లాయిడ్ మేవెదర్ మీకు ఏకంగా గుడే కట్టాడు. ఆయన విద్యని తక్కువ చేయను. భుజం చాటున గడ్డం దాచుకుని ఎదుటివాడి గుద్దుని గాలికి వదిలేయడంలో ఆయన్ని మించినవాణ్ణి నేను చూడలేదు. కానీ పకియావోతో బౌటు గురించి మాటలు 2009 చివర్లో మొదలైతే, అది జరిగింది 2015 మే 2న. అప్పటికి ఒకాయనకి ముప్పై ఎనిమిది, ఇంకొకాయనకి ముప్పై ఆరు. వంద డాలర్లకి ఐదు సెంట్లు తక్కువ పెట్టి కొన్న అమాయకుల్లో నేనూ ఉన్నాను. అమెరికాలో మొత్తం 46 లక్షల కొనుగోళ్ళట. చల్లారిన పెసరట్టుకి పెళ్ళిభోజనం రేటు! ఇక 2017 ఆగస్టు 26న యాభయ్యో గెలుపు. ఓటమి ఎరక్కుండా రిటైరైన రాకీ మార్సియానో 49–0ని దాటడానికి ఎదురుగా ఎవర్ని నిలబెట్టారు? కోనర్ మెక్‌గ్రెగర్‌ని. అప్పటిదాకా ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఒక్క బౌటూ ఆడని మనిషిని. రికార్డు 0–0. ఇటు చూస్తే మీరు, అటు చూస్తే మీరే, అదీ రెండుసార్లు. హళ్ళికి హళ్ళి సున్నకు సున్న అని చిన్నప్పుడు ఎందుకనేవారో లాస్ వేగాస్‌లో ఆ రాత్రి అర్థమైంది.

మీకు కాపలాకి ఛాంపియన్ బెల్టులిచ్చే నాలుగు సంస్థలున్నాయి: డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ. ఒక్కో బరువులో నలుగురు ఛాంపియన్లు, చాలనట్టు సూపర్ అనీ, రెగ్యులర్ అనీ, ఇంటెరిమ్ అనీ ఇంకొందరు. తిరణాల్లో రంగులరాట్నం గుర్రాల్లా ఒకరికొకరు తగలకుండా ఎన్నేళ్ళయినా తిరగొచ్చు. టెరెన్స్ క్రాఫర్డ్, ఎరల్ స్పెన్స్ ఇద్దరూ మిమ్మల్ని పక్కన పెట్టుకుని ఏళ్ళ తరబడి అలాగే తిరిగారు. 2023 జులైలో ఎట్టకేలకు తగులుకునేసరికి ఒకరికి ముప్పై ఐదు, ఒకరికి ముప్పై మూడు.

మీ వంటింట్లో ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూశాను, అందుకే ఈ కోపం. ఊరి శివార్లో ఒక హోటల్ హాలు. అంతకు ముందు నెలే అక్కడ మావాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షన్ జరిగింది. అదే స్టేజీ దగ్గర ఇప్పుడు రింగు వేశారు, తివాచీ మీద పసుపు మరక అలాగే ఉంది. 8–0 కుర్రాడు మెరుపుల గౌనులో, వెనక పదిమందిని వేసుకుని, చెవులు పగిలే పాటతో వచ్చాడు. ఎదుటి మూలలో నలభైకి దగ్గర పడుతున్న మనిషి. నిక్కరు మీద ఏదో కంపెనీ పేరు సగం ఊడి సగం మిగిలింది. ఆరు గెలుపులు, ముప్పై పైచిలుకు ఓటములు. ఇలాంటివాళ్ళని ఇక్కడ టొమాటో డబ్బా అంటారు, తంతే సొట్టపడి ఎర్రగా కారుతుందని.

కుర్రాడు గుద్దిన ప్రతిసారీ ఎడమచేతిని నడుము దాకా దించేస్తున్నాడు. రెండో రౌండులో పెద్దాయన ఆ ఖాళీలోంచి కుడిచెయ్యి ఒకటి పంపాడు. పెద్ద గుద్దేమీ కాదు. కానీ కుర్రాడి మోకాళ్ళు ఒక్క క్షణం తమ సంగతి తాము చూసుకున్నాయి. పెద్దాయన రెండోది వేయగలడు, ముందు వరసలో ఉన్న నాకే కనిపించింది. వేయలేదు. మోచేతులు దగ్గరికి లాక్కుని తాళ్ళకి ఆనుకున్నాడు. గెలిస్తే మళ్ళీ పిలవరని ముప్పై ఓటములు తిన్నవాడికి ఒకరు చెప్పాలా? ఆరు రౌండ్లూ అయ్యాయి, పాయింట్ల మీద కుర్రాడు 9–0 అయ్యాడు. ఆ కుడిచేతి గుద్దు గురించి అతని మూలలో ఎవరూ ఎత్తలేదు. ఫొటోలు దిగారు.

ఇలా పెరిగిన లెక్క ఎక్కడో తేలాలి కదా. 2014 మార్చిలో ఉక్రెయిన్ వాసిల్ లొమాచెంకో, రెండు ఒలింపిక్ బంగారాలున్నవాడు, ప్రొఫెషనల్‌గా రెండో బౌటుకే శాన్ ఆంటోనియోలో ముదురు బాక్సర్ సాలిడోతో టైటిల్ కోసం తలపడి ఓడాడు. మీరు యథాప్రకారం లేచిపోయారు. నాలుగు నెలలు తిరక్కుండానే మూడో బౌటు, మళ్ళీ టైటిల్ కోసమే. ఎదురుగా అమెరికా మెరుపువేగం గ్యారీ రసెల్ జూనియర్, 24–0. గెలిచింది 1–1 వాడు.

ఔత్సాహిక బాక్సింగ్‌లో లొమాచెంకో దాదాపు నాలుగు వందల పోటీలు ఆడొచ్చాడు. మన కుర్రాడికి అంత తీరిక లేదు, ఇంట్లో అద్దె కట్టాలి, ఇరవై దాటకుండానే ప్రొఫెషనల్ అయిపోతాడు. అమెరికా మగవాళ్ళకి ఒలింపిక్స్‌లో చివరి బంగారం 2004లో ఆండ్రీ వార్డ్ తెచ్చింది. 2012 లండన్‌లో వాళ్ళు తెచ్చిన పతకాలెన్నో మీకు చెప్పక్కర్లేదు, మిమ్మల్నే వెంటబెట్టుకొచ్చారు. ఫ్లింట్ అనే ఊరి నుంచి వెళ్ళిన పదిహేడేళ్ళ క్లారెస్సా షీల్డ్స్ బంగారం తెచ్చి పరువు నిలబెట్టింది. 2024 పారిస్‌లో ఉజ్బెకిస్తాన్‌కి ఐదు బంగారాలు, అమెరికాకి ఒకే ఒక్క కంచు.

నేరమంతా మీ మీదే తోస్తే పాపం తగులుతుంది. ఆరున్నర అడుగుల పిల్లలు ఎటు పోయారో ఎవరైనా చెప్తారు: ఫుట్‌బాల్‌కి, బాస్కెట్‌బాల్‌కి. అక్కడ కాలేజీ సీటొస్తుంది, తిండి పెడతారు. కాలేజీ బాక్సింగూ ఉండేది ఒకప్పుడు. 1960లో విస్కాన్సిన్ విద్యార్థి చార్లీ మోర్ టోర్నమెంటులో తగిలిన దెబ్బకి చనిపోయాక, కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ ఆ పోటీలే ఎత్తేసింది. తప్పనను. కానీ వాళ్ళకీ మీకూ తేడా చూడండి. ఎన్‌బీఏలో ఎనభై రెండు మ్యాచులకి అరవై ఓడిన జట్టుకి, మంచి కుర్రాణ్ణి ముందుగా ఎంచుకునే అవకాశాలు ఎక్కువిస్తారు. ఇక్కడ ఒక్కటి ఓడితే, మా గోదావరి జిల్లాల సంక్రాంతి పందేల్లో ఓడిన పుంజులాగా, కోజ. సాయంత్రానికి కూర. ఏ తల్లి తన కొడుకుని ఇటు పంపిస్తుంది? మొత్తానికి 2020 ఫిబ్రవరిలో అమెరికా బాక్సర్ డియాంటే వైల్డర్ చేతుల్లోంచి హెవీవెయిట్ బెల్టు జారి సముద్రం దాటింది.

నార్త్ బ్రాడ్ స్ట్రీట్‌లో జో ఫ్రేజర్ జిమ్ ఉండేది. కబేళాలో పనిచేస్తూ వేలాడే మాంసాన్ని గుద్ది సాధన చేసిన మనిషి. 2008లో జిమ్ మూతబడింది. గోడమీద ఆయన పేరు అలాగే ఉంచి, లోపల చవక ఫర్నిచర్ అమ్మారు. అలీని కింద పడేసిన ఎడమచేతి హుక్ తయారైన ఊళ్ళో డిస్కౌంటు సోఫాలు.

మీరు ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్ పక్కనా ఉన్నారు కదా అని ఎదురడగొచ్చు. ఉన్నారు. కానీ ఆయన మిమ్మల్ని ఇంట్లో బీరువాలో పెట్టలేదు. 2018లో లాత్వియా వెళ్ళి బ్రీడిస్‌ని, మాస్కో వెళ్ళి గాసియెవ్‌ని, మాంచెస్టర్ వెళ్ళి బెల్యూని వాళ్ళ జనం మధ్యే ఓడించాడు. మొదటి ఇద్దరి పక్కనా అప్పటికి మీరే కూర్చుని ఉన్నారు. మిమ్మల్ని పందెంలో ఒడ్డినవాడికి మీరు అలంకారం. అమెరికాలో మాత్రం లాకరు తాళాలు పట్టుకుని కూర్చున్నారు.

ఒక్క విషయంలో మీకు మార్కు వేద్దామనుకున్నా. మీ చలవ వల్ల కుర్రాళ్ళు తక్కువ దెబ్బలు తింటారు, ముసలితనంలో చేతులు వణక్కుండా మనవళ్ళని ఎత్తుకుంటారు అని. రాయబోయి ఆగాను. దెబ్బల్ని మీరు తగ్గించలేదు. టొమాటో డబ్బాల వాటాకి వేశారు, అంతే.

కాబట్టి మనవి ఏమంటే, కొన్నేళ్ళు సెలవు పెట్టండి. ఐటీలో మావాళ్ళు బోలెడుమంది ఉన్నారు, జీతాల చివర మీకు ఖాళీలు దొరుకుతాయి.

ఇట్లు,
క్యారమ్స్‌లో పిల్లల చేతిలో కూడా ఓడిన ఓ వీరాభిమాని.

తా.క.: ఆ రాత్రి హాలు వెనక మెట్ల మీద టొమాటో డబ్బా గారు కనిపించారు. ప్లాస్టిక్ కవర్లో ఐసుముక్కలు కంటికి ఆనించుకుని, రెండో చేత్తో ఫోన్లో బస్సు టైము చూసుకుంటున్నారు. తెల్లారి గోడౌన్‌లో డ్యూటీ అట. బస్టాండు దాకా కార్లో దింపాను. కుర్రాడు ఎలా ఉన్నాడని అడిగాను. మంచివాడే, ఎడమచెయ్యి దించొద్దని ఎవరైనా చెప్తే బావుణ్ణు అన్నారు. మీరే చెప్పకపోయారా అన్నాను.

“రెండో రౌండులో చెప్పాను కదా,” అన్నారు.