సైకిలు మాత్రం 60 డాలర్లే

మా ఇంటి జమాఖర్చుల పుస్తకంలో మార్చి పేజీ తీస్తే ఒక పద్దు కనిపిస్తుంది: పాత సైకిలు ఒకటి, 60 డాలర్లు. రాసి ఏడు నెలలైంది. ఇవాళ్టికీ ఆ అంకె మీద ఒక్క సెంటు పెరగలేదు. పాత జపాను సైకిలు కొనడమంటే ఏనుగును కొని ఇంట్లో కట్టేసుకోవడమేనని మా న్యూజెర్సీ తెలుగువాళ్లలో కొందరు పనిగట్టుకుని ప్రచారం చేస్తున్నారు. వాళ్ల నోళ్లు మూయించడానికి ఈ పద్దు చాలు. అయినా పొదుపు మీద నమ్మకం ఉన్న పదిమందికి దారి చూపినట్టుంటుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

సైకిలు మా వెనక వీధిలో ఒక పెద్దావిడ గరాజ్ సేల్‌లో దొరికింది. పోయిన భర్తదట. 80 అంది. కూరగాయల సంతలో పెరిగిన నోరు ఊరుకుంటుందా? పావుగంట బేరమాడి 60కి దింపాను. డబ్బులు చేతిలో పడ్డాక ఆవిడ నవ్వి, సాయంత్రం దాకా ఎవరూ అడక్కపోతే ఊరికే ఇచ్చేద్దామనుకున్నానంది. ఈ సంగతి పద్దులోకి ఎక్కలేదు.

నీలం రంగు, సన్నటి ఉక్కు గొట్టాలు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్, గొట్టం మీద తెల్లటి అక్షరాల్లో పానాసోనిక్ అని పేరు. మా ఆవిడ చూసి, “ఏమండీ, టేప్‌రికార్డర్ల వాళ్లా?” అంది. ఆ అనుమానం సహజమే. మా ఊళ్లో గల్ఫ్ నుంచి దిగినవాడి హోదాని వాడు మోసుకొచ్చిన నేషనల్ పానాసోనిక్ టేప్‌రికార్డర్ సైజుని బట్టి కొలిచేవాళ్లం. కానీ చరిత్ర తెలియాలి. ఆ కంపెనీ పెట్టిన కొనొసుకె మత్సుషిత చిన్నతనంలో ఒసాకాలో సైకిల్ షాపులో పనికి కుదిరినవాడు. 1923లో ఆయన్ని నిలబెట్టింది తుపాకీ గుండు ఆకారంలో ఉన్న సైకిలు దీపం. నేషనల్ అనే పేరు మొదట అంటించింది కూడా 1927లో, ఇంకో సైకిలు దీపానికే. అంటే సైకిలే అసలు, టేప్‌రికార్డర్ కొసరు. ఇదంతా నిలబడి చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, “ఇంతకీ చక్రం తిరుగుతుందా?” అంది.

తిరగలేదు. అయినా పుట్టిన తేదీ మాత్రం తేల్చేశాను. ఆ రోజుల్లో సైకిలు భాగాలు చేసే షిమానో కంపెనీ వాళ్లు తమ సరుకు వెనక రెండక్షరాలు గుద్దేవారు. మొదటిది సంవత్సరం, రెండోది నెల. 1976కి ఎ, అక్కణ్ణుంచి వరసగా లెక్క. నా సైకిలు వెనక గేరు మార్చే మిషన్ మీద జి, ఇ అని ఉంది. అంటే 1982 మే. జాతకం రాయించడానికి తిథి, నక్షత్రం తక్కువ, అంతే.

ఇంత మంచి సరుకు ఇంత చవగ్గా ఎందుకు దొరుకుతోందని చదువరులకు సందేహం రావాలి. 1970ల మొదట్లో అమెరికాకి సైకిళ్ల పిచ్చి పట్టుకుంది. ఇక్కడి కంపెనీలు ఆ గిరాకీ తట్టుకోలేకపోతే జపాను వాళ్లు రంగంలోకి దిగి, పదిహేనేళ్ల పాటు ఉక్కు గొట్టాలని శుభ్రంగా అతికి, మధ్యతరగతి ధరకి ఓడల్లో పంపారు. అలా సాగిపోతుండగా 1985 సెప్టెంబరులో ఐదు దేశాల ఆర్థిక మంత్రులు న్యూయార్క్ ప్లాజా హోటల్లో కూర్చుని డాలర్ విలువ తగ్గించాలని ఒప్పందం చేసుకున్నారు. అప్పుడు డాలరుకి సుమారు 240 యెన్లు. మూడేళ్లు తిరిగేసరికి 130 దరిదాపులకి వచ్చింది. జపాను సైకిలు ధర కొండెక్కింది, పని తైవాన్‌కి తరలిపోయింది. ఐదుగురు మంత్రులు కలిసి అనాథని చేసి గరాజుల్లో కొక్కేలకి వేలాడదీసిన సైకిలుని చేరదీసినవాడిది వ్యసనమా? అంతర్జాతీయ బాధ్యత అంటారు దాన్ని.

సరే, లెక్కల దగ్గరికి వద్దాం. చాలామంది ఇక్కడే తప్పుతారు. సైకిలు ఖాతాలో సైకిలు ఒక్కటే రాయాలి. పెడల్ కడ్డీ ఊడలాగే పనిముట్టు, చైను తెంపేది, కోన్ స్పానర్లు (మామూలు స్పానరు మందానికి చక్రం ఇరుసు దగ్గరి సందులో దూరదు, పలచటిది కావాలి), బెంచీకి బిగించే వైస్, ఇవన్నీ స్థిరాస్తి. ఇల్లు కొని ఖర్చయిపోయిందని ఏడ్చేవాణ్ణి ఎవరినైనా చూశామా? ఫ్రీవీలు విప్పడానికి ఏ కంపెనీకి ఆ కంపెనీ పనిముట్టే కావాలి. నాది సన్‌టూర్‌ది. వాళ్లు రెండు గాట్లవీ చేశారు, నాలుగు గాట్లవీ చేశారు. నేను రెండు గాట్లది తెప్పించాను. సైకిలుకున్నవి నాలుగు. మళ్లీ తెప్పించాను. దాంతో స్థిరాస్తి ఇంకాస్త పెరిగింది. టైర్లు, ట్యూబులు తిండి ఖర్చు కింద కిరాణా ఖాతాలోకి వెళ్లాయి. హ్యాండిల్‌కి చుట్టే టేపు ఇంటి అలంకరణ, కర్టెన్ల పక్కన రాశాను. బ్రేకు రబ్బర్లు ప్రాణానికి సంబంధించినవి కాబట్టి మందుల ఖాతా.

మా ఆవిడ అకౌంట్స్‌లోనే పనిచేస్తుంది. పుస్తకం అంతా చదివి, ఇలా లెక్కలు రాసేవాళ్లని ఈ దేశంలో ఎక్కడ ఉంచుతారో తెలుసా అని మాత్రం అడిగింది.

టైర్ల దగ్గర ఒక చిక్కు వచ్చింది. 27 అంగుళాలవని రాసుంటుంది, కొలిస్తే రిమ్ము మీద టైరు కూర్చునే చోటు 630 మిల్లీమీటర్లు. ఇప్పటి రోడ్ సైకిళ్లది 622. ఆ ఎనిమిది మిల్లీమీటర్ల తేడాతో షాపుల్లో ఉన్న వందరకాల టైర్లలో నాకు పనికొచ్చేవి మూడో నాలుగో మిగిలాయి. వీడియో కాల్లో నాన్న విని, “మన 28 సైజు పంపించనా? వచ్చే నెల మీ పిన్ని కొడుకు వస్తున్నాడుగా” అన్నారు. మన ఊళ్లలో పాలక్యాన్లు మోసే సైకిలుది 635. అయిదు మిల్లీమీటర్లే ఎక్కువ. తండ్రి ప్రేమకి అయిదు మిల్లీమీటర్లు అడ్డమా అని ఒక రాత్రంతా ఆలోచించాను. అడ్డమే.

ఇక సీటు పోస్టు, అంటే సీటుని మోసే కడ్డీ. ఇది తెలియకుండా పాత సైకిలు జోలికి ఎవరూ పోకూడదు. పోయినాయన ఆరడుగుల పైవాడు. నేను అయిదూ అయిదు. పాత సైకిలు కొనేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది ఫ్రేము సైజు అని తెలిసినవాళ్లందరూ చెబుతారు. కొన్నాక చెబుతారు. చిన్నప్పుడు నాన్న సైకిలుని మధ్యలోంచి కాలు దూర్చి తొక్కిన విద్య మళ్లీ అక్కరకొస్తుందేమో అనుకున్నాను. సీటు నాలుగు వేళ్ల మందం కిందికి దించితే ఎలాగో సరిపెట్టుకోవచ్చు. దిగదే! సీటు పోస్టు అల్యూమినియం, అది దిగిన గొట్టం ఉక్కు. నలభై ఏళ్ల పాటు చెమట, వాన నీళ్లు ఆ సందులోకి దిగితే రెండూ ఒకదాన్నొకటి కరిచి పట్టుకుంటాయి.

తొమ్మిది రాత్రులు శివుడికి అభిషేకం చేసినట్టు చుక్కచుక్కగా నూనె పోశాను. కదల్లేదు. అమోనియా పోస్తే కరుగుతుందన్నారు, పోశాను. గరాజులో ఏమైనా చచ్చిందా అని మా ఆవిడ తలుపు అవతల నుంచే అడిగింది. పదో రాత్రి, పదివేల డాలర్ల కార్బన్ సైకిలు మీద వారం వారం తిరిగే గుంటూరు మిత్రుడొకాయన్ని పిలిచి, సీటు పీకేసి, పోస్టు చివరని వైస్‌లో బిగించి, సైకిలు మొత్తాన్ని తిరగలి పిడిలా ఇద్దరం చెరోవైపు పట్టుకుని తిప్పాం. మొదట చప్పుడు లేదు. తర్వాత పాత గుడి తలుపు తీసినట్టు కీచుమని ఒక అరుపు. వెంట్రుకవాసి తిరిగింది. అలా అరుపుకి వెంట్రుకవాసి చొప్పున నలభై నిమిషాలు తిప్పితే, వంటినిండా తెల్లటి పొడి పూసుకుని, విభూతి పెట్టుకున్న సాధువులా బయటికొచ్చింది. మిత్రుడు దాన్ని చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తన సైకిలు మీద ఎక్కడా ఇంత తృప్తి లేదన్నాడు. మర్నాడు ఆయన కూడా గరాజ్ సేల్స్ చూస్తున్నాడని వాళ్లావిడ ఫోన్ చేసి మా ఆవిడకి చెప్పింది. ఇంకా ఏవో చెప్పింది. అవి నాదాకా రాలేదు.

ఓవరాయిలింగ్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. మా ఊళ్లో సైకిల్ షాపు ఆయన పళ్లెంలో కిరసనాయిలు పోసుకుని, కబుర్లు చెబుతూ, అరపూటలో సైకిలు మొత్తం విప్పి బిగించేవాడు. నాకు నాలుగు శనివారాలు పట్టింది. వెనక చక్రంలో పక్కకి తొమ్మిది చొప్పున పద్దెనిమిది గోళీలుంటాయి. వంటింట్లోంచి తెచ్చుకున్న స్టీలు గిన్నెలోకి పదిహేడు వచ్చాయి. పద్దెనిమిదోది ఎక్కడుందో ఆ ఆదివారం పొంగలి తింటుంటే తెలిసింది. మిరియం అనుకుని కొరికింది నేనే కావడం అదృష్టం. పంటికి పెట్టిన ఖర్చు ఇన్సూరెన్స్ వాళ్లు చూసుకున్నారు కాబట్టి ఏ ఖాతాలోకీ రాదు.

జూన్‌లో 35 డాలర్లకి ఇంకో సైకిలు తెచ్చాను. ఇది సైకిలు కాదు, ముడిసరుకు. మొదటిదానికి కావలసిన భాగాలు విడివిడిగా కొంటే నష్టమని, అన్నీ ఒకచోట బిగించి ఉన్నవి కొన్నాను. తీరా విప్పబోతే ఇది నా సైజుకి సరిగ్గా సరిపోయింది, పైగా మొదటిదానికంటే బాగుంది. దేనికోసం దేన్ని విప్పాలో తేలక ప్రస్తుతం మూడోది చూస్తున్నాను.

దసరాకి ముందు నీలం సైకిలు సిద్ధమైంది. పసుపు కుంకాలు పెట్టి, నిమ్మకాయ తొక్కించి, గోడకి చేరేసి నాన్నకి వీడియో కాల్ చేశాను. ఆయన కళ్లజోడు సవరించుకుని ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చూశారు.

“బాగానే మెరుస్తోందిరా. మడ్‌గార్డులేవీ?”

“దీనికి ఉండవు నాన్నా. ఇది రోడ్డు మీద స్పీడుగా పోయే రకం.”

“క్యారియర్?”

“ఉండదు.”

“స్టాండు? అందుకేనా గోడకి చేరేశావు? బెల్లన్నా ఉందా?”

నేను మాట్లాడలేదు. ఆయన కాసేపు ఆగి, గొంతు తగ్గించి, “అన్నీ పీక్కుని నీకు అంటగట్టిందిరా ఆ ముసలావిడ” అన్నారు.

పెద్దాయన మనసు కష్టపెట్టలేం కదా. ఆ రాత్రే మడ్‌గార్డులకి ఆర్డరు పెట్టాను. జపానులో చేసినవే, సుత్తితో సన్నగా నొక్కులు కొట్టిన అల్యూమినియంవి. సైకిలు కంటే ఖరీదు. పుస్తకంలో ‘నాన్నకి పంపినది’ అని రాశాను.