శాస్త్రానికి మనుషులే అడ్డం

ప్రపంచంలో పరిశోధన ఇంకా గాడిన పడకపోవడానికి నిధుల కొరత కారణమని కొందరు, రాజకీయాలు కారణమని ఇంకొందరు అంటుంటారు. రెండూ తప్పే. అసలు కారణం పరిశోధకులు. వ్యవస్థలో లోపమేమీ లేదు. దరఖాస్తులున్నాయి, గడువులున్నాయి, స్కోర్లున్నాయి, కమిటీలకైతే కొదవే లేదు. మధ్యలో ఈ మనుషులు దూరి నిద్ర కావాలంటారు, ఇంట్లో పిల్లలున్నారంటారు, "ఇంకా తేలలేదండీ, మరో రెండేళ్లు పట్టొచ్చు" అంటారు. ఏ వ్యవస్థయినా ఎంతకని భరిస్తుంది?

ఆస్ట్రేలియాలో పార్క్స్ రేడియో టెలిస్కోప్‌కు 1998 నుంచీ అప్పుడప్పుడు అంతుచిక్కని సంకేతాలు తగిలేవి. వాటికి పెరిటాన్లని పేరు కూడా పెట్టుకున్నారు. అవి ఎక్కడివో 2015లో తేలింది. అన్నం వేడి చేసుకునే మైక్రోవేవ్ ఓవెన్ తలుపును, అది ఆగేదాకా ఆగలేక మధ్యలోనే లాగేస్తున్నారు. విశ్వం తన పని తాను చేసుకుంటోంది, ఆకలి మాత్రం సిబ్బందిది. ఈ ఒక్క ఉదాహరణతో వ్యాసం ముగించవచ్చు గానీ, ఇంతకంటే తీవ్రమైన కేసులున్నాయి.

జీవరసాయన శాస్త్రవేత్త కాటలిన్ కరికో గారినే తీసుకోండి. 1985లో హంగరీ వదిలి అమెరికా వెళ్లేటప్పుడు, కారు అమ్మితే వచ్చిన సుమారు 900 పౌండ్లను చిన్నారి కూతురి టెడ్డీబేర్‌లో పెట్టి కుట్టేశారు. అంత డబ్బు దేశం దాటించడానికి అప్పట్లో అనుమతి లేదు మరి. డబ్బు విషయంలో అంత నేర్పున్న మనిషి, పెన్సిల్వేనియా యూనివర్సిటీలో చేరాక మాత్రం గ్రాంట్లు తేలేకపోయారు. ఏ ప్రొటీన్ తయారు చేయాలో కణానికి కబురు మోసే మెసెంజర్ ఆర్ఎన్ఏ పట్టుకుని వేలాడారు. అదేమో చీటికీ మాటికీ ముక్కలయ్యే పదార్థం, ఒంట్లోకి పంపితే రోగనిరోధక వ్యవస్థ శత్రువొచ్చిందని విరుచుకుపడుతుంది. బుద్ధిమంతులు దాని జోలికి పోలేదు. 1995లో యూనివర్సిటీ ఆమె హోదా తగ్గించింది. అప్పుడే క్యాన్సరేమోనన్న భయం, భర్తేమో వీసా చిక్కుల్లో హంగరీలో ఇరుక్కుపోయారు. కానీ స్కోరు షీట్‌లో వీటికి గడి లేదు. గడి లేని కష్టాన్ని పాపం కమిటీ మాత్రం ఎక్కడ నమోదు చేస్తుంది?

తర్వాత ఆమె ఫొటోకాపీ మెషీన్ దగ్గర డ్రూ వైస్‌మన్ అనే సహోద్యోగితో మాట కలిపారు. ఏ అయిదేళ్ల ప్రణాళికలోనూ లేని సంభాషణ ఇది, ఎవరి ఆమోదమూ తీసుకోలేదు. ఆర్ఎన్ఏలోని యురిడిన్ అనే భాగాన్ని కాస్త మారిస్తే ఒళ్లు దాని మీద తిరగబడదని ఇద్దరూ కలిసి తేల్చారు. నేచర్ పత్రిక వద్దని తిప్పి పంపితే 2005లో ఇమ్యూనిటీ పత్రికలో వేసుకున్నారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పదిహేనేళ్లు గడిచాక కోవిడ్ టీకాల్లో ఆ మార్పే అక్కరకొచ్చింది, 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అప్పుడు హోదా తగ్గించిన యూనివర్సిటీయే ఇప్పుడు ఘనంగా అభినందించింది కదా అని కొందరు నవ్వుతున్నారు. ఇందులో నవ్వేదేముంది? తగ్గించే విభాగం తగ్గించింది, అభినందించే విభాగం అభినందించింది. ఎవరి పని వాళ్లు సకాలంలో చేశారు.

గ్రాంటు దరఖాస్తుల మీద కూడా యువ పరిశోధకులకు అకారణంగా కోపం. మూడో ఏడాది చివరికల్లా ఏం కనుక్కోబోతున్నారో ముందే రాయమంటే, "అది తెలిస్తే ఇక పరిశోధనెందుకు?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉందట. అయితే ఏమిటట? పేరు ముందే ఖాయమైతే రిజిస్టరు పని సులువవుతుంది కదా. అనుభవం ఉన్నవాళ్లకు ఈ సూక్ష్మం బాగా తెలుసు. నిరుడు చేసేసిన ప్రయోగాన్ని వచ్చే ఏడాది చేయబోతున్నట్టు రాస్తారు, ఆ డబ్బుతో అసలు చేయాలనుకున్నది చేస్తారు. అనుకున్నది అనుకున్నట్టే తేలిందని నివేదిక పంపితే కమిటీకి సంతోషం.

భౌతికశాస్త్రవేత్త పీటర్ హిగ్స్ గారికి మాత్రం ఈ తెలివి లేకపోయింది. 1964లో ఒక కణం ఉండాలన్నారు, 2012లో సెర్న్ అనే ప్రయోగశాలలో అది దొరికింది, 2013లో నోబెల్ తీసుకున్నారు. 1964 తర్వాత ఆయన రాసిన పేపర్లు పదికి మించలేదు. ఈ ఏడాది ప్రచురణల జాబితా పంపండని విభాగం అడిగితే, ఏమీ లేవని రాసి పంపేవారు. ఈ రోజుల్లో అయితే తనకెవరూ ఉద్యోగం ఇవ్వరని ఆయనే ఒప్పుకున్నారు. అదే కణం బరువు మీద 2015లో వచ్చిన పేపర్ చూడండి, ఉత్పాదకత అంటే ఏమిటో తెలుస్తుంది. 33 పేజీల్లో 24 పేజీలు కేవలం రచయితల పేర్లు, వాళ్ల సంస్థల పేర్లు. రచయితలు 5,154 మంది. ఒక ఊరి ఓటర్ల జాబితాకు ఫిజిక్స్ అనుబంధంలా ఉంటుంది.

నన్నడిగితే ఆధునిక శాస్త్రం చూసిన ఆదర్శ రచయిత ఎఫ్.డి.సి. విల్లార్డ్. 1975లో జాక్ హెదరింగ్టన్ అనే భౌతికశాస్త్రవేత్త ఒంటరిగా పేపర్ రాసి, అంతటా "మేము" అని టైపు చేసుకున్నారు. రాసింది ఒక్కరైతే పత్రిక ఆ "మేము"ను ఒప్పుకోదని సహోద్యోగి చెప్పారు. టైప్‌రైటర్ల రోజులు, మొత్తం మళ్లీ టైపు చేయాలి. దానికి బదులు తన సయామీ పిల్లికి ఇంటిపేరూ పొట్టి అక్షరాలూ తగిలించి రెండో రచయితను చేశారు. ఫిజికల్ రివ్యూ లెటర్స్ వేసుకుంది. పిల్లి జీతం అడగలేదు, సెలవు అడగలేదు, తన పేరు ముందుండాలని గొడవపడలేదు. కాపీల మీద సంతకం కావాలంటే పంజా ముద్ర వేసింది. ఇంత క్రమశిక్షణ మనిషి రచయితల్లో చూడగలమా?

డగ్లస్ ప్రాషర్ గారు కూడా ఇంచుమించు ఆ స్థాయి అందుకున్నారు. జెల్లీఫిష్‌ను పచ్చగా మెరిపించే ప్రొటీన్ తాలూకు జన్యువును పట్టుకుని 1992లో ప్రచురించారు. కణంలో ఏది ఎక్కడుందో వెలుగుతో చూపించే సాధనమది, ఇవాళ లెక్కలేనన్ని ల్యాబ్‌లకు అది లేనిదే పొద్దు గడవదు. అంతలో నిధులు అయిపోయాయి. ఆ జన్యువును మార్టిన్ చాల్ఫీ, రోజర్ చెన్ అనే శాస్త్రవేత్తలకు పంపించి ఆయన తప్పుకున్నారు. 2008లో ఆ ప్రొటీన్‌కు రసాయన నోబెల్ వచ్చింది. ఒసాము షిమొమురాతో పాటు ఆ ఇద్దరూ అందుకున్నారు. ఆ కబురు వచ్చేసరికి ప్రాషర్ అలబామాలో ఒక కార్ల డీలర్ దగ్గర కస్టమర్లను దింపివచ్చే వ్యాను నడుపుతున్నారు. చాల్ఫీ, చెన్ తమ ఖర్చుతో ఆయన్ను స్టాక్‌హోమ్ తీసుకెళ్లారు. నాకు అభ్యంతరం అక్కడే ఉంది. వ్యవస్థ సంతకం పెట్టి మూసేసిన ఫైలును ఇలా సొంత జేబులోంచి డబ్బు తీసి తెరుస్తూ పోతే ఆడిటర్లు ఏమైపోవాలి?

ప్రచురణ సంస్థల విషయం ఎక్కువ చెప్పక్కర్లేదు. పేపర్ రాసేవాళ్లకు వాళ్లు డబ్బివ్వరు, దాన్ని సరిచూసే రివ్యూయర్లకూ ఇవ్వరు. అందరూ ఉచితంగా చదువుకునేలా వేయమంటే నేచర్ 2020లో ప్రకటించిన రుసుము 9,500 యూరోలు. మనుషుల పాత్రను ఇంత స్పష్టంగా నిర్వచించిన రంగం మరోటి లేదు.

సంతోషించాల్సిన విషయమేమంటే, ఆ పాత్ర కూడా తగ్గుతోంది. 2024లో ఒక పత్రికలో, యంత్రం గీసిన ఎలుక బొమ్మతో పేపర్ వచ్చింది. ఆ ఎలుకకు ఏ ఎలుకకూ ఉండని పరిమాణంలో అవయవాలు, పక్కన ఏ నిఘంటువులోనూ లేని పేర్లు. రివ్యూ దాటి అచ్చయింది, పాఠకులు చూసి గోల చేశాక వెనక్కి తీసుకున్నారు. అంతకు ముందు ఏడాది, 2023లో, అలా వెనక్కి తీసుకున్న పేపర్లు పదివేలు దాటాయి. నిరాశావాదులు దీన్ని సంక్షోభం అంటున్నారు. నాకైతే శుభసూచకంగా కనిపిస్తోంది. రాయడం యంత్రం చేస్తుంది, సరిచూడటం ఇంకో యంత్రం చేస్తుంది. చదవడం మనుషులు ఎప్పుడో మానేశారు కాబట్టి అక్కడ భర్తీ చేయాల్సిన ఖాళీ ఏమీ లేదు.

ఒక్క చిన్న చిక్కు మిగిలింది. ల్యాబ్‌లో పెంచే కణాలకు ఆదివారం అంటే ఏమిటో తెలియదు. రెండు మూడు రోజులకోసారి మీడియం, అంటే వాటి పోషక ద్రవం, మార్చకపోతే నీరసించి చచ్చిపోతాయి. అర్ధరాత్రి ఫ్రీజర్ అలారం మోగితే చెప్పులేసుకుని పరిగెత్తడానికి కూడా ఎవరో ఒకరుండాలి. అందుచేత తాత్కాలిక ప్రాతిపదికన ఒక మనిషిని తీసుకోవచ్చని నా సిఫారసు. డాక్టరేట్ తప్పనిసరి. రెండేళ్ల కాంట్రాక్టు, పొడిగింపు నిధులను బట్టి. ఏ దేశానికి పొమ్మంటే ఆ దేశానికి సామాను సర్దుకోవాలి. పేపర్‌లో పేరు వేస్తాం, పిల్లి పేరు తర్వాత.