తల అదే, వెల వేరు

పరాయి దేశానికి బయల్దేరే ముందు వేసుకునే ఖర్చుల పట్టికలో ఇంటి అద్దె ఉంటుంది, బస్సు పాసు ఉంటుంది, ఆరోగ్య బీమా ఉంటుంది, చలికోటు కూడా ఉంటుంది. జుట్టు కత్తిరింపు మాత్రం ఉండదు. మనిషి జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక, దిగిన నాలుగైదు వారాలకే ఆ ఖర్చు చెవుల మీదికి వచ్చి కూర్చుంటుంది. కటింగ్ షాపు అద్దం మీద రాసి ఉన్న ధరను చూసి, దాన్ని సొంత దేశపు డబ్బులోకి మార్చుకుని, ‘ఇంకో రెండు వారాలు ఆగుదాంలే’ అనుకుంటూ ముందుకు సాగిపోని కొత్త ప్రవాసి అరుదు. నేను అలా ఒకే షాపు ముందు నుంచి మూడు శనివారాలు నడిచిపోయాను. అంతకు ఎన్నో రెట్లు అద్దె కట్టేటప్పుడు కలగని గుబులు ఆ చిన్న మొత్తం దగ్గర ఎందుకు కలిగిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

జవాబులో కొంత భాగం ఆర్థికశాస్త్రంలో ఉంది. చొక్కా, ఫోను, సబ్బు ఓడెక్కి దేశాలు దాటగలవు. ధరల్లో తేడా మరీ ఎక్కువైతే వ్యాపారి చవకైన చోట కొని ఖరీదైన చోట అమ్ముతాడు, దాంతో ఆ తేడా కొంతైనా తగ్గుతుంది. తలను మాత్రం చవకైన దేశానికి పంపి, కత్తిరించి తెప్పించుకునే వీలు లేదు. మారకపు రేటుకూ క్షవరానికీ సంబంధం ఉందంటే బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టినట్టు అనిపించవచ్చు గానీ, దేశాల మధ్య ధరల తేడాను వివరించాల్సి వచ్చినప్పుడు ఆర్థికవేత్తలు తరచూ ఎత్తుకునే ఉదాహరణ ఇదే. 1964లో బేలా బలస్సా, పాల్ సామ్యూల్సన్ విడివిడిగా ప్రతిపాదించిన వాదన సారాంశం ఏమిటంటే, ఎగుమతి సరుకుల తయారీలో ఉత్పాదకత ఎక్కువగా ఉన్న దేశంలో ఆ రంగాల జీతాలు పెరుగుతాయి, పనివాళ్ళను నిలుపుకోవాలంటే మిగిలిన రంగాలూ జీతాలు పెంచక తప్పదు. ఆ దేశపు బార్బర్ కత్తెర వేరే దేశపు బార్బర్ కత్తెర కన్నా వేగంగా ఆడకపోయినా, అతని కూలి మాత్రం ఆ దేశపు స్థాయికి చేరుకుంటుంది. రెండేళ్ళ తరువాత, 1966లో, విలియం బామోల్, విలియం బోవెన్ అనే మరో ఇద్దరు ఆర్థికవేత్తలు సంగీత, నాటక రంగాల ఖర్చులను పరిశీలిస్తూ ఇదే తీగను మరో కొస నుంచి లాగారు. నలుగురు కలిసి వాయించాల్సిన కచేరీకి రెండు వందల ఏళ్ళ క్రితమూ నలుగురే కావాలి, ఇవాళా నలుగురే కావాలి. ఫ్యాక్టరీలో యంత్రం మారితే అదే గంటలో పది వస్తువుల బదులు వెయ్యి తయారు కావచ్చు, బార్బర్ కుర్చీలో మాత్రం ఎప్పుడూ ఒక్క తలే ఉంటుంది.

1968లో ఐక్యరాజ్యసమితి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కలిసి మొదలుపెట్టి, ఇప్పుడు ప్రపంచ బ్యాంకు సమన్వయంలో నడుస్తున్న అంతర్జాతీయ ధరల పోలిక కార్యక్రమంలో, వివిధ దేశాల కొనుగోలు శక్తిని లెక్కగట్టడానికి సేకరించే ధరల్లో మగవారి కత్తిరింపు కూడా ఉంటుంది. షాపు అద్దం ముందు నిలబడిన ప్రవాసి మనసులో చేస్తున్నదీ దాదాపు ఆ పనే, కాకపోతే తప్పుడు హెచ్చవేతతో చేస్తున్నాడు. మారకపు రేటుతో హెచ్చవేసే బదులు ఆ ధర తన జీతంలో ఎన్ని నిమిషాల పనికి సమానమో చూసుకుంటే లెక్క తిరగబడవచ్చు. సొంత దేశంలో ఎన్ని నిమిషాల సంపాదన పెట్టి క్షవరం చేయించుకునేవాడో, ఇక్కడా ఇంచుమించు అన్నే నిమిషాలు సరిపోతున్నాయని చాలామందికి తేలుతుంది. ఒకటి రెండేళ్ళు గడిచాక ఈ మార్పిడి అలవాటు దానంతట అదే తగ్గిపోవడానికి కారణం ఇదేనని నేను అనుకుంటాను.

అయితే ఈ ఓదార్పు అందరికీ పనికిరాదు. ఇంటి నుంచి వచ్చే డబ్బుతో చదువుకునే విద్యార్థికి ఆ హెచ్చవేత అక్షరాలా నిజం, ఎందుకంటే అతని కోసం పంపే ప్రతి నాణెం మారకపు రేటు దాటుకునే వస్తుంది. సంపాదనలో పెద్ద భాగాన్ని ఇంటికి పంపే కార్మికుడి పరిస్థితీ అదే, దిశ ఒక్కటే వేరు. అతను కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ ఆ డబ్బు అక్కడ ఎవరి మందులకో, ఎవరి ఫీజుకో సరిపోయేదన్న లెక్క అద్దంలో అతనితో పాటే కనిపిస్తుంది. వీరిని ‘పిసినారితనం మానుకోండి’ అని మందలించడం కుర్చీలో కూర్చోగలిగినవాడి మాట.

ధర వెనుక జీతాలతో పాటు నిబంధనలూ ఉంటాయి. జర్మనీలో సొంతంగా షాపు నడపాలంటే సాధారణంగా ‘మైస్టర్’ అర్హత, అంటే వృత్తిలో నిపుణుడన్న పట్టా, కావాలి. 2004లో 53 వృత్తులకు ఆ నిబంధనను ఎత్తేసినప్పుడు కూడా క్షౌరవృత్తికి మాత్రం సడలించలేదు. అమెరికాలో రాష్ట్రానికొక తీరు. చాలాచోట్ల లైసెన్సుకు 1000 నుంచి 1500 గంటల దాకా శిక్షణ తప్పనిసరి. బ్రిటన్‌లో 1964 నాటి చట్టం ఉన్నా, దాని కింద నమోదు కావడం ఐచ్ఛికమే. అన్నిటికన్నా విచిత్రంగా తోచేది జపాన్ పద్ధతి. అక్కడ బార్బర్లకు 1947 చట్టం, బ్యూటీషియన్లకు 1957 చట్టం వేరువేరుగా ఉన్నాయి, కత్తితో గడ్డం గీసే హక్కు బార్బర్లకే ఉంది. తళతళలాడే బ్యూటీ సెలూన్‌లోకి వెళ్ళి గడ్డం గీయమని అడిగిన విదేశీయుడికి అక్కడివారు మర్యాదగా తల అడ్డంగా ఊపితే, అది అహంకారం అనుకోకూడదు.

నా ఉద్దేశంలో లైసెన్సు హామీ ఇచ్చేది మంచి కటింగ్‌కు కాదు, పరిశుభ్రతకు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట, వస్తువుల మీద కనీసం ఏడు రోజుల పాటు బతికి ఉండగలదు కనుక, ఒకరికి వాడిన బ్లేడును మరొకరి మెడ మీద పెట్టడం ప్రమాదకరం. కొత్త షాపులో ధరల బోర్డు కన్నా ముందు నేను చూసేది ఒక్కటే: బ్లేడు కాగితాన్ని నా కళ్ళ ముందే విప్పుతున్నారా లేదా అని.

బోర్డు మీద రాయని ఖర్చులు కొన్ని ఉన్నాయి. టిప్పు వాటిలో మొదటిది. అమెరికాలో బిల్లు మీద 15 నుంచి 20 శాతం అదనంగా ఇవ్వడం మర్యాద, జపాన్‌లో ఇవ్వబోతే ఎదుటివారు ఇబ్బంది పడతారు. కానీ నన్ను ఎక్కువగా కుంగదీసింది భాష తెలియకపోవడం వల్ల పడిన ఖర్చు.

మొదటిసారి కుర్చీలో కూర్చున్నప్పుడు, మెడ చుట్టూ నల్లటి గుడ్డ బిగించి, చేతిలో మెషీన్ పట్టుకుని, బార్బర్ ఒకే మాట అడిగాడు: ‘నంబరెంత?’ అర్థం కాకపోయినా కానట్టు కనబడకూడదన్న పట్టుదలతో ‘రెండు’ అన్నాను. నా లెక్కలో అది రెండు వేళ్ళ మందం. క్లిప్పర్‌కు తొడిగే ప్లాస్టిక్ దువ్వెనల నంబర్లు అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పున పెరుగుతాయని, ఒకటి అంటే సుమారు 3 మిల్లీమీటర్లని, రెండు అంటే 6 అని, నాలుగు అంటే 13కు దగ్గరని తరువాత తెలిసింది. చెవి వెనుక నుంచి పైకి మొదటి దారి పడేటప్పటికి తెల్లగా తల చర్మం కనిపించింది. ‘ఆగండి’ అనబోయి ఊరుకున్నాను, ఆ తరువాత ఏం చెప్పినా గతజల సేతుబంధనమే. మిగిలిన తలంతా ఆ ఒక్క గీతకు సరిపోయేలా కత్తిరించుకోవడం తప్ప దారి లేదు. డబ్బులిచ్చి, టిప్పు కూడా ఇచ్చి, ఆరు వారాలు టోపీ పెట్టుకుని తిరిగాను.

ఆ దెబ్బకు చాలామంది చేసినట్టే నేనూ ఒక క్లిప్పర్ కొన్నాను. లియో వాల్ అనే అమెరికన్ ఎలక్ట్రిక్ క్లిప్పర్ పేటెంటుకు దరఖాస్తు చేసింది 1919లో. అంటే ఆ మెషీన్‌కు వందేళ్ళు దాటింది. 2020లో కరోనా లాక్‌డౌన్లు చాలా దేశాల్లో షాపులు మూయించినప్పుడు ఎంతోమంది ఇంట్లోనే జుట్టు కత్తిరించుకోవడం నేర్చుకున్నారు కూడా. లెక్క ప్రకారం మూడు నాలుగు కటింగ్‌లకే మెషీన్ ఖరీదు తిరిగి వచ్చేస్తుంది. అయినా షాపులు తెరిచిన రోజున బయట వరుసలు కట్టారంటే, అందులో ఇంకేదో ఉండాలి. మెడ వెనుక నూగు తనకు తాను తీసుకోలేకపోవడం ఒక కారణమే గానీ, అదొక్కటే కారణం కాదు.

గడ్డం చరిత్ర ఈ విషయంలో కొంత వెలుగునిస్తుంది. కింగ్ క్యాంప్ జిలెట్ అనే అమెరికన్ వ్యాపారి 1904లో సేఫ్టీ రేజర్ పేటెంటు పొందాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం ఆ రేజర్లు సుమారు 35 లక్షలు కొన్నది. అద్దం ముందు సొంతంగా గీసుకోవడానికి అలవాటుపడ్డ ఆ తరం తిరిగి వచ్చాక, బార్బర్‌కు రోజువారీ ఆదాయంగా ఉన్న షేవింగ్ క్రమంగా చేజారింది. ఆశ్చర్యం ఏమిటంటే, అవసరంగా పోయిన ఆ షేవింగ్ విలాసంగా తిరిగి వచ్చింది. వేడి తువ్వాలు, నురగ బ్రష్షు, తోలు కుర్చీ, పాత పద్ధతి కత్తి అంటూ ఇప్పుడు ఖరీదైన షాపులు అమ్ముతున్నది తాతల కాలంలో సామాన్యుడు పని మీద పోతూ చేయించుకున్న పనినే. ఆ అలంకరణలో చాలా భాగం నాకు అనవసరపు ఆర్భాటంగానే కనిపిస్తుంది, గోడకు తగిలించిన పాత సైకిలుతో సహా. కానీ వేడి తువ్వాలు ముఖం మీద పడిన క్షణాన ఆ విమర్శ కాసేపు మరిచిపోయే మాట నిజం.

ఒంటరిగా పరదేశంలో ఉండే మనిషిని రోజుల తరబడి ఎవరూ తాకరు. ఆఫీసులో కరచాలనం, రైల్లో పొరపాటున తగిలిన భుజం, అంతే. బార్బర్ మాత్రం తలను రెండు చేతులతో పట్టుకుని, గడ్డం కింద వేలు పెట్టి కొద్దిగా పైకెత్తి, చెవిని మెల్లగా మడుస్తాడు. దీనికి పరిచయం అక్కర్లేదు, సంజాయిషీ అక్కర్లేదు. కౌంటర్ల దగ్గర ప్రతి మాటకూ పత్రం అడిగే దేశంలో ఏ పత్రమూ అడగకుండా అరగంట సేపు మన మీదే దృష్టి పెట్టే మనిషి అతనొక్కడే. మూడోసారి వెళ్ళినప్పుడు ‘పైన కత్తెర, పక్కన నాలుగు, కదా?’ అని అతనే అన్నాడంటే ఆ ఊళ్ళో మనం గుర్తున్న ఒక తల ఉందన్నమాట. ధర కాస్త ఎక్కువైనా షాపు మార్చకపోవడమే చివరికి పొదుపని నా అభిప్రాయం. మారిన ప్రతిసారీ మన తల గురించి కొత్తగా పాఠం చెప్పాలి, ఆ పాఠానికి ఫీజు కట్టేదీ మనమే.

ఇక చవక షాపుల సంగతి. కత్తిరింపు చవక కావాలంటే దారులు రెండే. మొదటిది, పట్టే సమయాన్ని తగ్గించడం. 1996లో టోక్యోలో మొదలైన క్యూబీ హౌస్ అనే కటింగ్ షాపుల సంస్థ ఆ దారి పట్టింది. తల కడగడం లేదు, షేవింగ్ లేదు, ముందుగా యంత్రంలో డబ్బు వేసి టిక్కెట్టు తీసుకోవాలి, చివర తెగిన వెంట్రుకలను గొట్టంతో పీల్చేస్తారు, మొత్తం పది నిమిషాలు. ఇందులో దాపరికం ఏమీ లేదు, తక్కువ సమయానికి తక్కువ ధర. రెండో దారి, సమయాన్ని అలాగే ఉంచి ఆ గంట విలువను తగ్గించడం. కొన్ని దేశాల్లో చాలామంది బార్బర్లు జీతగాళ్ళు కారు. యజమానికి వారం వారం కుర్చీ అద్దె కట్టి, మిగిలింది తాము తీసుకుంటారు. కొనుగోలుదారు లేని మధ్యాహ్నం, జ్వరం వచ్చిన రోజు, సెలవు అన్నీ వాళ్ళ ఖాతాలోకే పోతాయి. జీతానికి చేసే చోట కూడా కూలి తక్కువే కావచ్చు: 2015 జనవరి 1న జర్మనీలో దేశవ్యాప్త కనీస వేతనం అమల్లోకి వచ్చినప్పుడు, అప్పటిదాకా ఆ స్థాయికి దిగువన బతుకుతున్న వృత్తుల్లో క్షౌరవృత్తి ఒకటి.

ఆ తక్కువ ధర కుర్చీల వెనుక నిలబడేవారిలో చాలామంది తామూ వలసవచ్చినవారే. బ్రిటన్, జర్మనీ నగరాల్లో టర్కీ మూలాలున్న బార్బర్ షాపులు రాత్రి దాకా తెరిచి ఉండటం అందరూ చూసేదే. కత్తెరకు భాష తక్కువ అవసరం, పెట్టుబడి కూడా మరీ పెద్దది కాదు, చదువుల పట్టాలను గుర్తించని దేశంలో కూడా చేతి పనితనం కళ్ళకు కనిపిస్తుంది. కనుక ఖర్చు భరించలేని ఒక ప్రవాసికి దొరికే చవక కటింగ్, తరచుగా మరో ప్రవాసి నిలబడిన పన్నెండు గంటల్లోంచి వస్తుంది. దీన్ని తెలుసుకున్నంత మాత్రాన విద్యార్థి ఖరీదైన షాపుకు వెళ్ళలేడు, వెళ్ళమని నేనూ అనను. కాకపోతే బేరమాడే ముందు ఆ లెక్క ఎవరి జేబులోంచి సరిపోతున్నదో ఒక్కసారి చూడాలి.

ఇప్పుడు నేను వెళ్ళే షాపు ధర మధ్యరకం. అక్కడి బార్బర్ కూడా వేరే దేశం నుంచి వచ్చినవాడే, ఆరేళ్ళుగా ఆ కుర్చీకి అద్దె కడుతున్నాడు. ఒకసారి చిన్న అద్దం నా మెడ వెనుక పట్టుకుని చూపిస్తుంటే, మరి మీ జుట్టు ఎవరు కత్తిరిస్తారని అడిగాను. పక్క కుర్చీ వైపు కనుసైగ చేశాడు. షట్టరు సగం దించాక, ఒక ఆదివారం అతనికి ఇతను, మరో ఆదివారం ఇతనికి అతను. డబ్బు తీసుకోరా అంటే నవ్వి, ఆ సమయంలో మీటరు తిరగదన్నాడు.