నగరం చర్చిలు కూలిపోయాయి, ఊళ్ళ చర్చిలు నిలిచాయి: గోట్‌లాండ్‌లోని 92 చర్చిల బాధ్యత ఇప్పుడు ఎవరిది?

స్వీడన్‌కి చెందిన గోట్‌లాండ్ దీవిలో వీస్బీ అనే ఊరుంది, 1995 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది, స్టాక్‌హోమ్‌లో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళు కూడా వేసవిలో నినెస్‌హామ్న్ నుంచి మూడు గంటల పైచిలుకు ఫెర్రీలో అక్కడికి వెళ్ళి కోటగోడ పక్కన ఫోటోలు దిగి వస్తుంటారు. ఆ ఊళ్ళో పైకప్పులు పోయి, ఆర్చీలు మాత్రమే మిగిలి, మధ్యలో గడ్డి పెరిగిన పాత చర్చిలు పదికి పైనే ఉన్నాయి. చూడటానికి అందంగానే ఉంటాయి కానీ అవన్నీ ఒకప్పుడు బాల్టిక్ సముద్రం మీద అత్యంత ధనవంతమైన వ్యాపార నగరాల్లో ఒకటి కట్టుకున్న చర్చిలు. వాటిలో ఈరోజుకీ ప్రార్థనలు జరుగుతున్నది ఒక్కటే, జర్మన్ వ్యాపారులు కట్టించుకుని 1225లో ప్రతిష్ఠ చేసుకున్న సెయింట్ మేరీ చర్చి, ఇప్పుడది కెథడ్రల్. మిగతావి కూలిపోయాయి. అదే దీవిలో గోడ దాటి పల్లెల్లోకి వెళ్తే రైతులు కట్టుకున్న మధ్యయుగపు చర్చిలు 92 ఉన్నాయి, అన్నీ కప్పుతో, గంటలతో, తాళం చెవితో సహా ఇంకా చర్చిలుగానే ఉన్నాయి.

డబ్బున్న నగరం ఎందుకు నిలబెట్టుకోలేకపోయింది, రైతులు ఎలా నిలబెట్టుకున్నారు అన్న ప్రశ్న నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే ఈ 92 చర్చిలని ముందు ముందు ఏం చెయ్యాలి అన్న చర్చకి జవాబు అందులోనే ఉంది.

ముందు ఈ రైతుల సంగతి. దీవి మొత్తం పొడుగు 180 కిలోమీటర్లు కూడా దాటదు, వైశాల్యం మూడు వేల చదరపు కిలోమీటర్ల చిల్లర, అంటే ప్రతి ఐదారు కిలోమీటర్లకీ ఒక చర్చి టవర్ కనపడుతుంది. ఇన్ని ఎందుకంటే ఇక్కడి రైతులు ఉత్త రైతులు కాదు, పొలం ఒడ్డున ఉన్న చిన్న రేవుల్లోంచి పడవలేసుకుని బాల్టిక్ అంతా వ్యాపారం చేసినవాళ్ళు. 1999లో దీవి ఉత్తరాన స్పిల్లింగ్స్ అనే పొలంలో 67 కిలోల వెండి దొరికింది, అందులో పద్నాలుగు వేలకి పైగా నాణేలు, వాటిలో ఎక్కువ అరబ్బు దిర్హాములు. ఇంకా చర్చిలు కట్టకముందు, వైకింగుల కాలంలో పూడ్చిన నిధి అది. తర్వాత రష్యాలోని నోవ్‌గొరోద్‌లో వీళ్ళకి సొంత వ్యాపార స్థావరం, అందులో సెయింట్ ఓలావ్ పేరుతో ఒక చర్చి కూడా ఉండేవి. ఆ రాకపోకల గుర్తు ఇప్పటికీ గోడల మీద ఉంది, గార్దా చర్చిలో, షెల్లుంగె చర్చిలో కనిపించే బైజాంటిన్ పద్ధతి బొమ్మలు రోమ్ కింద ఉండే లాటిన్ చర్చి వాతావరణంలో పెరిగిన చిత్రకారుల చేతి పని కావు, తూర్పు ఆర్థడాక్స్ శైలి తెలిసినవాళ్ళు వేసినవి. ఉత్తర యూరప్‌లో ఒక పల్లెటూరి చర్చిలో అలాంటి సాధువుల ముఖాలు కనపడటం మామూలు విషయం కాదు.

మొదట్లో కట్టినవి చెక్క చర్చిలే. హెమ్సె చర్చి నేల కింద 19వ శతాబ్దం చివర్లో పాత చెక్క చర్చి తాలూకు ఓక్ పలకలు దొరికాయి, పాత కట్టడాన్ని పారెయ్యకుండా కొత్త చర్చికి నేలగా పరిచేశారన్నమాట. తర్వాత 12వ శతాబ్దం నుంచి 14వ శతాబ్దం సగం వరకూ రాతి చర్చిలు. రాయికి కొదవ లేదు, దీవే ఒక పెద్ద సున్నపురాయి దిబ్బ, నలభై కోట్ల ఏళ్ళ కిందటి పగడపు దిబ్బల్లోంచి వచ్చింది. దక్షిణాన ఇసుకరాయి కూడా దొరుకుతుంది. ఆ రాతితో ఎంత బాగా పనిచేసేవాళ్ళంటే బాప్తిస్మం తొట్లు చెక్కి డెన్మార్క్, ఉత్తర జర్మనీ దాకా ఎగుమతి చేసేవాళ్ళు. చాలామంది శిల్పుల పేర్లు మనకి తెలీవు, జానీ రూస్వాల్ అనే కళాచరిత్రకారుడు పోయిన శతాబ్దం మొదట్లో వాళ్ళ శైలిని బట్టి బిజాంటియోస్, ఈజిప్టికుస్ లాంటి పేర్లు పెట్టాడు, ఆ పేర్లే స్థిరపడ్డాయి.

అంగా అనే చిన్న పారిష్ (ఒక చర్చి కిందకి వచ్చే ఊరి పరిధి) చర్చి గురించి ఎక్కువమంది రాయరు, నాకు మాత్రం 92లో అన్నిటికన్నా విలువైన గోడ అదే అనిపిస్తుంది. అక్కడ రూనిక్ అనే పాత స్కాండినేవియా లిపిలో ఒక జాబితా రాసి ఉంది, చర్చి కట్టేటప్పుడు ఏ ఏ రైతులు పశువుల్నీ బళ్ళనీ ఇచ్చి సాయం చేశారో వాళ్ళ పేర్లు. రాజు పేరు కాదు, బిషప్పు పేరు కాదు, ఊళ్ళో బండి కట్టినవాళ్ళ పేర్లు. మన పాత గుడుల దాన శాసనాలు చదివే అలవాటు ఉన్నవాళ్ళకి దీని విలువ వెంటనే అర్థమవుతుంది. యూరప్‌లో చాలాచోట్ల పెద్ద కట్టడాల చరిత్ర అంటే ప్రభువుల చరిత్రే, ఇక్కడ మాత్రం రైతు కుటుంబాలు తమ డబ్బుతో, తమ పశువులతో, తమకి నచ్చిన పనివాళ్ళని పెట్టుకుని కట్టుకున్నాయి, అందుకే పక్క పక్క ఊళ్ళు పోటీ పడి ఒకదాన్ని మించి ఒకటి కట్టుకున్నాయి.

మరి ఈ పోటీ ఎక్కడ ఆగింది? షెల్లుంగె వెళ్తే కళ్ళతోనే చూడొచ్చు. తూర్పు వైపు బలిపీఠం ఉండే భాగాన్ని గోథిక్ పద్ధతిలో భారీగా ఎత్తుగా కట్టారు, దాని వెనక జనం కూర్చునే హాలు మాత్రం గోథిక్‌కి ముందరి రోమనెస్క్ శైలి కాలం నాటిది, చిన్నది, పొట్టిది. అప్పట్లో పని తూర్పు నుంచి మొదలుపెట్టేవాళ్ళు, కొత్త భాగం అయ్యాక పాత హాలు కూల్చి పెద్దది కట్టాలన్నది ప్లాన్, ఆ రెండోది జరగలేదు. గార్దాలో కూడా ఇదే కథ. స్టోంగాలో అయితే పెద్ద కట్టడం కోసం చెక్కించిన శిల్పాలన్నీ రెడీ అయిపోయాయి, కట్టడం మాత్రం రాలేదు, దాంతో ఆ భారీ బొమ్మల్ని దక్షిణపు గోడకి ఎలా కుదిరితే అలా అమర్చేశారు.

కారణాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. వ్యాపారం మెల్లగా వీస్బీ, ల్యూబెక్ నగరాల హన్సా (ఉత్తర యూరప్ వ్యాపార నగరాల కూటమి) వ్యాపారుల చేతుల్లోకి పోయింది, 1288లో వీస్బీకీ పల్లెలకీ మధ్య యుద్ధమే జరిగింది. 1350లో ప్లేగు. 1361లో డెన్మార్క్ రాజు వాల్డెమార్ అట్టర్‌డాగ్ దండెత్తి వచ్చాడు, రైతులు వీస్బీ కోటగోడ బయట నిలబడి పోరాడారు, నగరం తలుపులు తియ్యలేదు, దాదాపు 1800 మంది చచ్చిపోయారు, వాళ్ళని సామూహిక గోతుల్లో పూడ్చారు, ఆ ఎముకల్లో కుర్రపిల్లలవీ ముసలివాళ్ళవీ కూడా ఉన్నాయి. ఫీదె చర్చిలో గోడ మీద ఆ ఏడాది గురించి ఒక లాటిన్ వాక్యం ఇప్పటికీ ఉంది, ఇళ్ళు తగలబడ్డాయి, జనం కత్తికి బలై ఏడుస్తూ కూలిపోయారు అని. ఆ దెబ్బ తర్వాత గోట్‌లాండ్ పల్లెల్లో పెద్ద కట్టడం అన్నదే దాదాపు లేదు.

ఇక్కడే అందరూ చెప్పే వివరణ ఒకటుంది, పేదరికం వల్లే ఈ చర్చిలు మారకుండా మిగిలాయి అని. సగం నిజం. స్వీడన్ ప్రధాన భూభాగంలో 19వ శతాబ్దంలో జనాభా పెరిగి, చేతిలో డబ్బుండి, వందల కొద్దీ మధ్యయుగపు చర్చిలు కూల్చి తెల్లటి పెద్ద హాళ్ళు కట్టుకున్నారు, వాటిని బాగా ప్రోత్సహించిన బిషప్పు ఎసాయాస్ టెగ్నేర్ పేరు మీద జనం వాటికి టెగ్నేర్ కొట్టాలు అని పేరు పెట్టారు కూడా. గోట్‌లాండ్‌కి ఆ అవసరం రాలేదు, పూర్వీకులు కట్టిన చర్చిలే ఉన్న జనానికి ఎక్కువ. అలాగే రిఫర్మేషన్ (16వ శతాబ్దంలో రోమ్ చర్చి నుంచి విడిపోయిన ప్రొటెస్టెంట్ ఉద్యమం) తర్వాత గోడల బొమ్మల మీద సున్నం కొట్టేశారు (గుంటూరు, రాజమండ్రి వైపు మన లూథరన్ సంఘాలది కూడా ఆ రిఫర్మేషన్ పరంపరే), ఆ సున్నం కిందే బొమ్మలు భద్రంగా ఉండి 20వ శతాబ్దంలో బయటపడ్డాయి.

కానీ పేదరికం ఒక్కటే కట్టడాన్ని కాపాడితే వీస్బీ చర్చిలు కూడా నిలవాలి కదా. 16వ శతాబ్దానికి వీస్బీ కూడా చితికిపోయింది, 1525లో ల్యూబెక్ వాళ్ళు వచ్చి తగలబెట్టారు, ఆ తర్వాత రిఫర్మేషన్‌తో మఠాలు మూతపడ్డాయి, తగ్గిపోయిన జనాభాకి ఒక్క చర్చి చాలు. మిగతావాటికి కప్పు కారితే ఎక్కి చూసే మనిషి లేడు. పల్లెల్లో మాత్రం ప్రతి చర్చికీ ఒక ఊరుంది, ఆ ఊరికి పెళ్ళికీ చావుకీ వేరే చోటు లేదు. దీనికి ఇంకా గట్టి సాక్ష్యం పల్లెల్లోనే ఉంది. బారా, ఏలింగ్‌హెమ్, గన్ అని మూడు పాత చర్చిలు దీవిలో శిథిలాలుగా ఉన్నాయి, ఈ మూడూ తమ పారిష్‌ని పక్క పారిష్‌లో కలిపేశాక వాడకం పోయి కూలినవే. అదే రాయి, అదే సున్నం, అదే వాతావరణం, తేడా అల్లా ఆ చర్చి మాది అనుకునే ఊరు లేకపోవడమే.

ఇప్పుడు మళ్ళీ అదే పని జరుగుతోంది. గోట్‌లాండ్ జనాభా అరవై వేల పైన, అందులో ఇరవై వేలకి పైగా వీస్బీలోనే ఉంటారు, మిగతావాళ్ళని 92తో భాగిస్తే ఒక్కో చర్చికి నాలుగు వందల మంది దాకా వస్తారు, వాళ్ళలో ఆదివారం వచ్చేది చాలా కొద్దిమంది. చర్చి పాలన కోసం పారిష్‌లని కలిపి పెద్ద యూనిట్లు చేస్తున్నారు, అకౌంట్లు చూసేవాళ్ళకి అది తేలికే. స్వీడన్ చర్చి 2000లో రాజ్యం నుంచి విడిపోయింది, అప్పుడు దేశంలో ఐదుగురిలో నలుగురికి పైగా సభ్యులు, ఇప్పుడు సగం మంది చిల్లర. సభ్యులు జీతంలో సుమారు ఒక శాతం చర్చికి కడతారు, సభ్యులు తగ్గితే ఆ డబ్బూ తగ్గుతుంది. ఇంకోపక్క చట్టం ప్రకారం 1939 చివరికల్లా కట్టిన చర్చిలన్నీ రక్షిత కట్టడాలు, చెప్పుకోదగ్గ మార్పు ఏది చెయ్యాలన్నా జిల్లా పాలనాబోర్డు అనుమతి కావాలి. ఆ భారానికి పరిహారంగా ప్రభుత్వం 2002 నుంచి దేశం మొత్తానికి కలిపి కొంత డబ్బు ఇస్తోంది, అది చాలా ఏళ్ళ పాటు ఏడాదికి 46 కోట్ల క్రోనార్ల దగ్గరే ఉండిపోయింది, ఈలోగా కూలి పెరిగింది, కలప ధర పెరిగింది. దేశంలో ఇలాంటి రక్షిత చర్చిలు సుమారు మూడు వేలు.

అందుకే ఒక వాదన వినిపిస్తూ ఉంటుంది, అన్నిటినీ మొయ్యలేం, కళాపరంగా గొప్పవి ఓ పదో ఇరవయ్యో ఎంచుకుని వాటికి పూర్తి ఖర్చు పెట్టి మిగతావి తాళం వేసి ఉంచుదాం లేదా అమ్మేద్దాం అని. స్వీడన్‌లో వేరే చోట్ల వాడకంలోంచి తీసేసిన చర్చిలూ, అమ్మిన చర్చిలూ ఉన్నాయి కాబట్టి ఇది ఊహాగానం కాదు. నేను దీన్ని ఒప్పుకోను. గోట్‌లాండ్ గొప్పతనం ఏ ఒక్క చర్చిలోనూ లేదు, ఒక రైతు సమాజం రెండున్నర శతాబ్దాల్లో ఊరూరా ఏం కట్టుకుందో దాదాపు మొత్తం వరస మిగిలి ఉండటంలో ఉంది. గొప్పవి ఎంచుకుంటే ఆ ఎంపికలోకి అంగా చర్చి రావడం కష్టం, అదేమో ఎవరు కట్టారో చెప్పే గోడ.

రెండోది, ఖర్చు లెక్కలో కూడా ఈ వాదన తప్పుతోంది. మందపాటి రాతి గోడ కూలడానికి కారణం ఎక్కువగా నీళ్ళే, కప్పులో ఒక పలక జారుతుంది, గట్టర్ ఆకులతో పూడుతుంది, నీళ్ళు గోడలోకి దిగుతాయి, చలికాలంలో గడ్డకట్టి రాయిని పగలగొడతాయి. వారానికో నెలకో ఎవరో ఒకరు తలుపు తీసే చర్చిలో ఆ మరక మొదట్లోనే కనపడుతుంది, తాళం వేసిన చర్చిలో పదేళ్ళ తర్వాత కనపడుతుంది, అప్పటికి ఖర్చు ఎన్నో రెట్లు అవుతుంది. 20వ శతాబ్దంలో సిమెంటు పూతలు వేసి తేమని లోపలే బంధించి చేసిన నష్టం కూడా తెలిసిందే, ఇప్పుడు మళ్ళీ కట్టెలతో కాల్చిన గోట్‌లాండ్ సున్నమే వాడుతున్నారు, ఆ పని తెలిసిన మేస్త్రీలు బతకాలన్నా దీవిలో ఏటా కొంత పని దొరుకుతూ ఉండాలి. 92 చర్చిలు ఉంటే ఆ పని ఉంటుంది, పది ఉంటే ఉండదు.

హీటింగ్ విషయంలో మాత్రం రాజీ పడొచ్చు, పడాలి కూడా. ఈ చర్చిలు కట్టిన ఐదారు వందల ఏళ్ళ దాకా వాటిలో హీటింగే లేదు. ఆదివారం ఉదయం ఒక్కసారిగా వేడి చేసి సాయంత్రం వదిలేస్తే గోడల బొమ్మలకీ చెక్క శిల్పాలకీ దెబ్బ, బిల్లు కూడా వాచిపోతుంది. చలికాలంలో ప్రార్థనలు నాలుగైదు ఊళ్ళకి ఒక చర్చిలో పెట్టుకుని, మిగతావి చలిగానే ఉంచి, వేసవిలో అన్నీ తెరవడం మంచి పద్ధతి. కచేరీలు, స్థానిక చరిత్ర సంఘాల మీటింగులు, పాతకాలం వాళ్ళు గోడల మీద గీకిన పడవల బొమ్మలు చూడటానికి వచ్చే స్కూలు పిల్లలు, ఇవన్నీ వాడకమే. గోట్‌లాండ్‌లో ఇప్పటికీ ఎవరినైనా ఎక్కడివాళ్ళు అనడిగితే పారిష్ పేరే చెప్తారు, దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా. ఆ పేరుకి ఊళ్ళో కనపడే ఒకే ఒక్క రూపం ఆ చర్చి.

అలాంటప్పుడు బిల్లు సభ్యత్వం కట్టేవాళ్ళ మీదే ఎందుకు పడాలి? ఈ చర్చిలని చూడటానికి వచ్చే పర్యాటకులతో హోటళ్ళు, ఫెర్రీలు, మున్సిపాలిటీ అందరూ లాభపడుతున్నారు, రక్షించాలి అని చట్టం చేసింది పార్లమెంటు, ఊరి సంఘం కాదు. ప్రభుత్వం ఇచ్చే పరిహారం ధరలతో పాటు పెరిగేలా ఉండాలి. అందులో కొంత భాగం పెద్ద పునరుద్ధరణ ప్రాజెక్టులకి కాకుండా కప్పు, గట్టర్, సున్నం లాంటి ఏటా చేసే చిన్న పనులకే విడిగా కేటాయించాలి, ఇవి ఫోటోల్లో కనపడవు కాబట్టి ఎప్పుడూ చివరికి నెట్టేస్తుంటారు. పారిష్‌లని కలపడం పాలన కోసం తప్పదంటే సరే, కానీ ప్రతి చర్చికీ ఊళ్ళోనే ఉండే ఒక మనిషి దగ్గర తాళం చెవీ, చిన్న రిపేరు ఎవరినీ అడక్కుండా చేయించే అధికారం, దానికి సరిపడా డబ్బూ ఉంచాలి. బారా, ఏలింగ్‌హెమ్, గన్ ఊళ్ళని పక్క ఊళ్ళలో కలిపినప్పుడు ఈ ఒక్క ఏర్పాటూ చెయ్యలేదు.