టీనేజ్ ప్రేమలు: ఆకట్టుకోవడం కన్నా కాదనడం నేర్పాలి

టీనేజ్ పిల్లలకు డేటింగ్ గురించి తోటివారి నుంచీ ఇంటర్నెట్ నుంచీ అందే సలహాల్లో ఎక్కువ భాగం ఎదుటివారిని ఎలా ఆకట్టుకోవాలన్న దాని చుట్టూనే తిరుగుతుంది. పెద్దలు చెప్పేది ఇందుకు పూర్తిగా విరుద్ధం: ఈ వయసులో అవేవీ వద్దు, బుద్ధిగా చదువుకోండి అంటారు. ఈ రెండు సలహాలూ అసలు విషయాన్ని వదిలేస్తున్నాయి. ఒకరి మీద ఇష్టం కలిగిన పదహారేళ్ల వయసువారికి ముందుగా కావలసింది, తమకు నచ్చనిదాన్ని కాదనగలగడం, అవతలివారు కాదంటే ఆ మాటను మన్నించగలగడం. ఆత్మవిశ్వాసం ఎంత ఉందో తేలేది అక్కడే.

ఇది ఆ వయసులో తేలిక కాదు. ముందుచూపుకీ నిగ్రహానికీ కీలకమైన మెదడు ముందు భాగం ఇరవైల మధ్య వరకూ ఎదుగుతూనే ఉంటుంది. ఉద్వేగాలకూ, తోటివారి మెప్పుకీ స్పందించే వ్యవస్థలు మాత్రం అంతకు చాలా ముందే చురుకందుకుంటాయి. మనస్తత్వవేత్తలు మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన ప్రయోగంలో, కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడిన టీనేజర్లు ఒంటరిగా ఉన్నప్పటి కంటే స్నేహితులు పక్కన ఉన్నప్పుడు ఎక్కువ సాహసాలకు తెగించారు. పెద్దవారిలో అంతటి తేడా కనిపించలేదు. కాబట్టి 'అందరికీ ఎవరో ఒకరున్నారు, నాకే లేరు' అన్న బాధతో ఒక బంధంలోకి అడుగుపెట్టే ముందు, ఆ కోరిక తమదా, చూసేవాళ్ల కోసం పుట్టిందా అని ఒక్కసారి ఆగి ఆలోచించుకోవడం అవసరం. డేటింగ్ మొదలుపెట్టని వారు ఎదుగుదలలో వెనుకబడిపోయినట్టు ఎంతమాత్రం కాదు.

తిరస్కారం నిజంగానే నొప్పిస్తుంది. మనస్తత్వవేత్త నవోమీ ఐసెన్‌బర్గర్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో, కంప్యూటర్ మీద బంతాటలో తోటి ఆటగాళ్లు బంతి విసరకుండా పక్కన పెట్టినవారి మెదడులో, శారీరక నొప్పి కలిగించే వేదనతో ముడిపడిన ప్రాంతాలు చురుగ్గా మారాయి. అపరిచితులతో ఆడిన చిన్న ఆటకే ఇలా ఉంటే, మనసుపడినవారు కాదన్నప్పుడు కలిగే బాధను ఎగతాళి చేసే హక్కు పెద్దలకు లేదు. దానికి తోడు, అందరూ తననే గమనిస్తున్నారన్న భావన ఈ వయసులో బలంగా ఉంటుందని మనస్తత్వవేత్త డేవిడ్ ఎల్‌కైండ్ 1967లోనే వివరించాడు. నలుగురిలో పరువు పోయిందన్న ఊహ చాలాసార్లు తిరస్కారం కంటే ఎక్కువగా కుంగదీస్తుంది.

అయితే బాధ ఎంత నిజమైనదైనా, అది అవతలివారి నిర్ణయాన్ని మార్చమని అడిగే అధికారం ఇవ్వదు. కాదన్నాక వెంటపడటం, స్నేహితులతో చెప్పించడం, నువ్వు లేకపోతే చచ్చిపోతానని బెదిరించడం ప్రేమకు రుజువులు కావు, అవన్నీ ఒత్తిడి. మౌనాన్ని కూడా అంగీకారంగా తీసుకోకూడదు. ఆ బాధ ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన దాకా వెళితే, వెంటనే నమ్మకమైన పెద్దవారికో, మానసిక వైద్యులకో చెప్పుకోవాలి. ఆ భారమంతా అదే వయసులో ఉన్న మరొకరి మీద మోపడం ఇద్దరికీ ప్రమాదమే.

కాదనవలసిన సందర్భాలు కొన్ని ప్రేమ వేషంలోనే వస్తాయి. పాస్‌వర్డ్ ఇవ్వమనడం, ఎక్కడున్నావో ప్రతి గంటకూ చెప్పమనడం, పాత స్నేహితులను వదులుకోమనడం, నమ్మకం ఉంటే ఫొటో పంపమనడం అటువంటివే. చేయి దాటిన ఫొటో ఎక్కడికి చేరుతుందో ఎవరి అదుపులోనూ ఉండదు. వయసులో బాగా పెద్దవారు ఈ బంధాన్ని ఇంట్లో చెప్పవద్దంటే, చెప్పి తీరాలనడానికి ఆ మాటే కారణం. ఇప్పటికే ఫొటో పంపి బెదిరింపులు ఎదుర్కొంటున్నవారు డబ్బు గానీ, మరో ఫొటో గానీ పంపకుండా, వచ్చిన సందేశాలను దాచి, ఆలస్యం చేయకుండా పెద్దల సాయం తీసుకోవాలి. నేరం బెదిరించేవారిది.

కాదనగల ధైర్యం ఒక్కసారిగా రాదు. అద్దం ముందు నిలబడి తనను తాను పొగుడుకున్నంత మాత్రాన కూడా రాదు. ఒక పనిని స్వయంగా చేసి గట్టెక్కిన అనుభవమే తన సామర్థ్యం మీద నమ్మకానికి అత్యంత బలమైన ఆధారమని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించాడు. ఈత, సంగీతం, కష్టమైన ఒక పాఠం, ఏదైనా సరే. ఎవరి మెప్పూ లేకుండా తన విలువ తెలిసే చోటు ఒకటి ఉన్నవారికి ఒక్కరి తిరస్కారంతో లోకం ఆగిపోదు.

ఇందులో తల్లిదండ్రుల పాత్ర తక్కువేమీ కాదు. ఇంట్లో కాదన్న ప్రతిసారీ ఎదురు చెబుతున్నారని తిట్లు తిన్న పిల్లలు బయట ఒత్తిడి చేసేవారికి కాదని చెప్పగలరని ఆశించడం అన్యాయం. నిజం చెప్పిన వెంటనే ఫోన్ లాక్కుంటే, అంతకంటే పెద్ద ఆపద వచ్చినప్పుడు వాళ్లు చెప్పరు. ముందు చెప్పేది పూర్తిగా వినాలి. ఆంక్షల గురించి ఆ తర్వాత, వాళ్లతో కలిసి మాట్లాడుకోవచ్చు.